తాళం వేసి రెండుసార్లు లాగడం

మందుల స్ట్రిప్ మీద సన్నక్షరాలు చదవాలంటే ఈ మధ్య కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, స్ట్రిప్‌ను ముక్కు దాకా తెచ్చుకుంటున్నాను. నలభై దాటాక కంట్లో కటకం గట్టిపడి దగ్గరి చూపు సర్దుకోదు, అదే చత్వారం. నాలా ముందునుంచీ దూరం ఆననివాళ్లకి జోడు తీస్తేనే చిన్న అక్షరాలు కనిపిస్తాయి. ఇది అందరికీ వచ్చేదే. కానీ జోడును వేళ్లతో కాకుండా మణికట్టుతో పైకి నెట్టడం చత్వారం నేర్పింది కాదు. అది నాన్నది.

ముఖం, గొంతు అమ్మవి. ఫోన్‌లో నేను హలో అంటే అమ్మ స్నేహితురాళ్లు నేరుగా కబుర్లలోకి దిగిపోతారు. పనులు మాత్రం అన్నీ నాన్నవే. తాళం వేశాక రెండుసార్లు లాగి చూడటం, ఏ వస్తువు కొన్నా రసీదు వెనక తేదీ రాసి దాచడం, ఎవరు ఊరికి బయల్దేరినా "చేరగానే ఫోన్ చెయ్" అనడం, ఆ ఫోన్ వచ్చేదాకా ఏదో ఒక పని కల్పించుకుని మేలుకునే ఉండటం. పదహారేళ్ల వయసులో నాకు చిరాకు తెప్పించినవన్నీ ఇవే.

ఇదంతా రక్తంలోనే ఉందా అని కొంత చదివాను. 1979లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బుషార్డ్ అనే మానసిక శాస్త్రవేత్త, పసితనంలోనే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలల మీద పరిశోధన మొదలుపెట్టారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలు విడిగా పెరిగినా స్వభావంలో చాలా దగ్గరగా ఉన్నారు. మనుషుల స్వభావాల మధ్య తేడాల్లో దాదాపు సగానికి జన్యువులే కారణమని ఇలాంటి పరిశోధనలు చెబుతున్నాయి. అయితే తాళం లాగడానికి జన్యువు ఉంటుందని నేననుకోను. అది చూసి నేర్చుకున్నదే. 1961లో ఆల్బర్ట్ బండూరా అనే మానసిక శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్లు గాలిబొమ్మను సుత్తితో కొట్టడం చూసిన చిన్నపిల్లలు తర్వాత తామూ కొట్టారు. ఊరికే కొట్టడం కాదు, పెద్దవాళ్లు వాడిన మాటలతో సహా. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మనవాళ్లు ఊరికే అనలేదు.

నాకు మాత్రం ఇంకో కారణం కనిపిస్తోంది. నాన్న చేసే పని ఇప్పుడు నా చేతికి వచ్చింది.

రాత్రి అందరూ పడుకున్నాక నాన్న ఖర్చుల నోట్‌బుక్ ముందేసుకుని కూర్చునేవారు. పెదాలు కదులుతుండేవి, శబ్దం వచ్చేది కాదు. ఒక అంకె దగ్గర పెన్ను ఆగేది. వెనక్కి రెండు పేజీలు తిప్పి, మళ్లీ ముందుకు వచ్చి, మూత పెట్టేసేవారు. ఆ టైమ్‌లో మంచినీళ్లకని లేచి వెళ్తే "ఇంకా పడుకోలేదా" అని గట్టిగా కసురుకునేవారు. నాన్నకి కోపం ఎక్కువ అని నేనూ తమ్ముడూ తేల్చేసుకున్నాం. ఇప్పుడు నెలాఖరులో నా పెదాలు కూడా అలాగే కదులుతున్నాయని మా ఆయన చెప్పారు. స్కూల్ ఫీజు, లోన్ వాయిదా, నాన్న మందులు అన్నీ కలిపి చూసుకునే ఆ పది నిమిషాల్లో ఎవరు పలకరించినా నా గొంతులో అదే కరుకు వినిపిస్తోంది. అది కోపం కాదని ఇప్పుడు నాకు బాగా తెలుసు.

ఆమధ్య నాన్ననే అడిగాను: "అప్పట్లో మీకు భయమేసేదా నాన్నా?"

కాసేపు ఆలోచించి చెప్పారు. "పగలు టైమెక్కడిదమ్మా భయపడటానికి? మీరు పడుకున్నాక, కొంచెం."

ఇన్నేళ్లలో ఆయన తన గురించి నాతో చెప్పుకున్న అతి పెద్ద విషయం అదే. తమ్ముడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. వాడూ ఇద్దరు పిల్లల తండ్రి.

నాన్న నుంచి వచ్చినవాటిలో వదులుకోవాలనిపించేది దాదాపు ఏమీ లేదు. రసీదులు దాస్తాను, తాళం లాగుతాను, ఫోన్ కోసం ఎదురుచూస్తాను. అమ్మ నుంచి వచ్చిన ఒక్కటే మానుకోవాలని ఉంది. అమ్మకి మనసు బాగోకపోతే మాట ఆగిపోయేది. గిన్నెల చప్పుడు మాత్రం పెరిగేది. ఏం జరిగిందో తెలియక మేం గది గదికీ తిరిగి ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం. ఆ టెన్షన్ ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. అందుకే మా అమ్మాయితో ఒక ఒప్పందం చేసుకున్నాను. నేను మాట తగ్గిస్తే అది వచ్చి "అమ్మా, కోపమా, అలసటా, లెక్కలా?" అని అడగాలి. నేను ఏదో ఒకటి చెప్పి తీరాలి. చాలాసార్లు లెక్కలే అవుతాయి. "సరే, పది నిమిషాలాగి వస్తా" అని వెళ్లిపోతుంది.