ఏనుగు కార్డు

జర్మనీలో మేముండే న్యూరెంబర్గ్ నుంచి వుర్జ్‌బుర్గ్‌కి రైల్లో గంట ప్రయాణం. అక్కడి రెసిడెన్స్ ప్యాలెస్‌కి పోయిన వారం మా ఎనిమిదేళ్ళదాన్ని తీసుకెళ్ళడంలో నా స్వార్థం కొంచెం ఉంది. మెట్ల పైకప్పు మీద ఆసియా బొమ్మ ఉంటుంది, అది చూపించి "ఇదిగో మనం" అనాలని.

ఆ ఊరిని ఏలిన బిషప్పులు 1720లో మొదలుపెట్టించిన ప్యాలెస్ అది. బల్టాజార్ నోయ్‌మన్ అనే ఇంజనీరు మెట్ల హాలుకి మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా కమాను కప్పు వేశాడు. 1945 మార్చి 16 బాంబు దాడిలో పైనున్న చెక్క కప్పంతా కాలిపోయినా ఈ కమాను మాత్రం నిలబడింది. వెనిస్ నుంచి వచ్చిన చిత్రకారుడు టియపోలో 1752-53లో దాని మీద నాలుగు ఖండాలు వేశాడు. ఎక్కుతుంటే ముందు మొసలి మీద కూర్చున్న అమెరికా, పక్కల్లో ఒంటెతో ఆఫ్రికా, ఏనుగు మీద ఆసియా, వెనక్కి తిరిగితే సింహాసనం మీద యూరప్. ఎవరికి వాహనాలు, ఎవరికి కుర్చీయో చూశారుగా! టియపోలో ఏమో ఆసియా మొహం చూసినవాడే కాదు.

ఏనుగు దగ్గర నేల మీద బోర్లా పడి ఉన్న మనుషుల్ని చూసి "తాతయ్య గుళ్ళో ఇలాగే దణ్ణం పెడతారు కదమ్మా" అంది. వాళ్ళు లొంగిపోయినవాళ్ళని ఎలా చెప్పను? ఊఁ అనేశాను.

"మరి ఇందులో నువ్వెక్కడున్నావు?" అనడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా యూరప్ వైపు చెయ్యి చూపించింది. అక్కడ ఫిరంగి మీద దర్జాగా కూర్చున్న నోయ్‌మన్, పక్కన ఓ కుక్క. "ఆ కుక్క పక్కన." రెండేళ్ళుగా మా ఇంట్లో కుక్క గొడవ నడుస్తోంది లెండి.

తర్వాత వైట్ హాల్. గోడలనిండా బోసీ అనే శిల్పి చేసిన గచ్చు లతలు, పువ్వులు, బంగారం పూత అన్న మాటే లేదు. "ఇక్కడికొచ్చేసరికి రంగులు అయిపోయాయా?" అంది. నాకైతే ఆ గదే నచ్చింది, అంత హంగు చూశాక కళ్ళకి మంచినీళ్ళు తాగినట్టనిపించింది.

కింద షాపులో ఏనుగు పోస్ట్‌కార్డు ఏరింది. తనకి కాదట, రాజమండ్రిలో అమ్మమ్మకట. "వాళ్ళ దగ్గర ఏనుగులుంటాయి కదా, ఇష్టపడుతుంది." 'వాళ్ళ' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను, అది మాత్రం డబ్బులు లెక్కపెట్టుకుంటోంది.

కార్డు నిన్న చేరింది. అమ్మ ఫోన్ చేసి "మన ఊళ్ళో ఏనుగులెక్కడివే, సర్కస్‌లో తప్ప నేనెప్పుడన్నా చూశానా?" అని ఒకటే నవ్వు.