టీచరుగారి స్పాంజ్

మా మేనల్లుడి పుణ్యమా అని స్పాంజ్‌బాబ్ అనే కార్టూన్ పాటలు నిద్రలో కూడా వినిపిస్తున్నాయి, సరే అసలు దీన్ని తయారుచేసిన మహానుభావుడెవరా అని రాత్రి కూర్చుని చదివితే తెల్లారిపోయింది. స్టీఫెన్ హిల్లెన్‌బర్గ్ కార్టూన్ల మనిషే కాదు మొదట్లో, కాలిఫోర్నియాలోని డేనా పాయింట్‌లో పిల్లలకి సముద్ర జీవుల పాఠాలు చెప్పేవాడు. అలలు వెనక్కి వెళ్లాక రాళ్ల గుంటల్లో మిగిలే జీవుల మీద పిల్లల కోసం ఓ కామిక్ పుస్తకం రాసి బొమ్మలు కూడా తనే వేశాడు, అందులో కథ చెప్పేది బాబ్ అనే స్పాంజ్! అప్పటికది నిజం సముద్రపు స్పాంజ్ ఆకారంలోనే ఉండేది, గిన్నెలు తోమే స్పాంజ్‌లా నలుపలకలైంది తర్వాత.

ఉన్న ఉద్యోగం వదిలేసి మళ్లీ కాలేజీకెళ్లి, 1992లో కాల్‌ఆర్ట్స్‌లో యానిమేషన్ పీజీ పూర్తిచేశాడు, అప్పటికి ముప్పై దాటాయి. మన ఇళ్లల్లో అయితే "ఇప్పుడా బొమ్మలు?" అని క్లాస్ పీకేవాళ్లు. 1999లో స్పాంజ్‌బాబ్ టీవీలోకి వచ్చింది. 2018లో ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుతో పోయాడు, 57 ఏళ్లకే.

ఇదంతా మావాడికి చెప్తే వాడు విన్నది ఒక్కటే, "అయితే ఆ కార్టూన్‌లోని ప్లాంక్టన్ నిజంగా ఉంటుందా మామా?" అని. ఉంటుందిరా, నీళ్లలో తేలే ఆ బుల్లి జీవుల మీదే సముద్రమంతా బతుకుతోంది.