ఆసియా కళ, ఓరియంటలిజం: రెండు కోర్సులు కలిపి చదివిన అనుభవం

కళాచరిత్రలో యూరప్‌కు రెనసాన్స్ వేరే కోర్సు, బరోక్ వేరే కోర్సు, పంతొమ్మిదో శతాబ్దం ఇంకో కోర్సు. ఆసియాకు మాత్రం అన్నీ పైపైన చుట్టేసే ఒక్క సర్వే కోర్సే. అజంతా నుంచి జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ దాకా అంతా అందులోనే సర్దాలి. అదే సెమిస్టర్‌లో ఓరియంటలిజం మీద సెమినార్ కూడా ఉంటే అదీ తీసుకున్నాను. ఆసియా వాళ్ల కళ ఒక క్లాసులో, ఆసియాను యూరప్ వాళ్లు ఎలా చిత్రించారన్నది ఇంకో క్లాసులో. పని ఎక్కువే, కానీ విడివిడిగా చదివితే సగమే అర్థమయ్యేది.

సర్వేలో టెన్షన్ అంతా స్లైడ్ టెస్ట్‌దే. తెరమీద బొమ్మ కాసేపే ఉంటుంది. ఆలోపే దాని పేరు, కాలం, చోటు, దేనితో చేశారో రాసేయాలి. నాకు పనికొచ్చిన పద్ధతి ప్రతి బొమ్మనీ నోట్‌బుక్‌లో చేత్తో గీసుకోవడం. చైనా చిత్రకారుడు ఫాన్ క్వాన్ వేసిన కొండ కింద బాటసారులు ఎంత చిన్నగా ఉంటారో మనం గీస్తేనే తెలుస్తుంది. అలా గీసినవేవీ పరీక్షలో మర్చిపోలేదు.

సెమినార్‌లో మొదట సాహిత్య విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ 1978లో రాసిన 'ఓరియంటలిజం' చదివించారు. తూర్పు దేశాలను వింతైనవిగా, వెనకబడినవిగా చూపే పశ్చిమ దేశాల చూపుకు వాళ్ల పెత్తనంతో ముడి ఉందన్నది సయీద్ వాదన. అందులో ఎక్కువగా ఉండేది సాహిత్యం, పాండిత్యం, పాలన గురించే. చిత్రకళ ఊసు తక్కువ. అట్టమీద మాత్రం ఫ్రెంచి చిత్రకారుడు జెరోమ్ వేసిన పాములవాడి చిత్రం! దాన్ని గట్టిగా విమర్శకు పెట్టింది కళాచరిత్రకారిణి లిండా నాక్లిన్, 1983లో రాసిన వ్యాసంలో. ఒంటికి పాము చుట్టుకున్న నగ్న బాలుడు మనకు వీపు పెట్టి నిలబడతాడు. పక్కన ఒక ముసలాయన పిల్లనగ్రోవి ఊదుతుంటాడు. నీలం పలకల గోడకు ఆనుకుని కొందరు చూస్తుంటారు. కుంచె జాడే కనిపించదు కాబట్టి కళ్లతో చూసింది చూసినట్టు వేశాడనిపిస్తుంది. నిజానికి పలకలకు ఆధారం ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి ప్యాలెస్, పాముల ఆటేమో ఈజిప్టుది. ఊడిపోయిన పలకలను కూడా అంత శ్రద్ధగా వేయడం వెనక, ఈ జనానికి తమ సొత్తు కాపాడుకోవడం చేతకాదన్న మాట దాగి ఉందని నాక్లిన్ వాదన. అది చదివాక ఆ చిత్రాన్ని ముందులా చూడటం నా వల్ల కాలేదు.

టర్మ్ పేపర్‌కు ఒస్మాన్ హమ్దీ బేని ఎంచుకున్నాను. పారిస్‌లో చిత్రకళ నేర్చుకున్న ఒట్టోమన్ (అప్పటి టర్కీ సామ్రాజ్యపు) పెద్దమనిషి. 1881లో ఇస్తాంబుల్‌లోని సామ్రాజ్య మ్యూజియం బాధ్యత తీసుకున్నాడు. పురావస్తువులు దేశం దాటిపోకుండా ఆపిన 1884 చట్టం వెనక ఉన్నదీ ఆయనే. ప్రొఫెసర్ పెట్టిన షరతు ఒక్కటే: మొదటి రెండు పేజీల్లో సయీద్ పేరు రాకూడదు, చిత్రంలో కనిపించేదే రాయాలి. ఆ సెమిస్టర్‌లో నాకు దొరికిన గొప్ప పాఠం ఆ షరతే.

1906 నాటి 'తాబేళ్ల శిక్షకుడు' ముందు అలా కూర్చున్నాను. ఎర్ర అంగీలో కాస్త వంగి నిలబడ్డ ముసలాయన, కాళ్ల దగ్గర ఆకులు తింటున్న తాబేళ్లు. ఇక్కడా పలకల గోడ ఉంది, పిల్లనగ్రోవీ ఉంది. కానీ దాన్ని ఆయన వెనక్కి పెట్టుకున్నాడు, ఊదడం లేదు. చుట్టూ చేరి చూసే జనమూ లేరు. ఒట్టోమన్ సామ్రాజ్యంలో సంస్కరణలు తాబేలు నడక నడుస్తున్నాయన్న వ్యథ ఇందులో ఉందని చాలామంది అంటారు. నాకు అంతకన్నా ముఖ్యం అనిపించింది వేరే ఉంది: జెరోమ్ దగ్గర నేర్చుకోదగ్గ సామగ్రినంతా వాడుకుని, వింత చూపించే ఆటను మాత్రం హమ్దీ బే పక్కన పెట్టేశాడు. సయీద్ సిద్ధాంతం జెరోమ్‌కు చక్కగా సరిపోతుంది. హమ్దీ బేకి అది ఒక్కటే చాలదని పేపర్‌లో వాదించాను.

సర్వే ఆఖరి పరీక్షలో బుద్ధుడి తొలి విగ్రహం గురించి ప్రశ్న వచ్చింది. గ్రీకు ప్రభావంతో గాంధారలో (ఇప్పటి పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ ప్రాంతం) పుట్టిందన్నాడు ఫ్రెంచి పండితుడు ఫూషే. కాదు, మథురలో యక్ష విగ్రహాల సంప్రదాయం నుంచి వచ్చిందని 1927లో కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి వాదించాడు. నేను మళ్లీ ముందు కనిపించేదే రాశాను: గాంధార బుద్ధుడికి రెండు భుజాల మీదా బరువైన మడతల వస్త్రం, మథుర బుద్ధుడికి ఒంటికి అతుక్కున్న పల్చని బట్ట, కుడి భుజం ఖాళీ. రెండు చోట్లా ఎవరి దారిలో వాళ్లు చెక్కి ఉండొచ్చు కదా, ఒక్క పుట్టుకే తేల్చాలన్న పట్టుదల ఎందుకని అడిగి జవాబు ముగించాను.