ఇద్దరు బేతాళులు, ఒక సైకిల్ ట్యూబు

మన బడి సమ్మేళనం సంచికకి ఏదన్నా రాయమని మన బ్యాచ్ మిత్రుడు ఫోన్ చేస్తే, బొమ్మల గురించి రాస్తానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఏందిరా, బొమ్మల కొలువు పెడతన్నావా?" అన్నాడు.

ఒకరకంగా అదే. మా ముందుగదిలో మూడు అద్దాల బీరువాలున్నాయి. కొత్తగా ఇంటికొచ్చినవాళ్లు అందులోవి పిల్లలవి అనుకుంటారు. మా అమ్మాయికి పెళ్లయి నాలుగేళ్లయిందని చెప్పాక ఇంకేమీ అడగరు. స్పైడర్‌మ్యాన్లు, బ్యాట్‌మ్యాన్లు, వాళ్ల విరోధులు, ఎక్కువమంది ఆరంగుళాల వాళ్లు. కామిక్కుల్లో మనుషుల్ని ప్లాస్టిక్కుతో చేసి, మెడ, భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు అన్నీ తిరిగేలా కీళ్లు పెట్టి అమ్ముతారు. యాక్షన్ ఫిగర్లంటారు. ఈ మాట పుట్టించింది అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ. 1964లో జి.ఐ. జో అనే పన్నెండంగుళాల సిపాయిని తెచ్చినప్పుడు, బొమ్మ అంటే ఆడపిల్లల వస్తువనుకుని మగపిల్లలు ముట్టుకోరని ఈ కొత్త పేరు పెట్టింది. మనకా ఇబ్బంది లేదు. డ్రాయింగు మాస్టారు బోర్డు మీద వేసేదీ బొమ్మే, మాలకొండ కింద శనివారం అమ్మేదీ బొమ్మే, హాల్లో పడేదీ బొమ్మే. కాగితం మీది బొమ్మ చేతిలోకి బొమ్మగా రావాలి, నా కోరికల్లా అంతే. తెలుగులో చెబితే మాట కూడా మారదు. అయినా నాక్కావలసినవాడు ఇన్నేళ్లలో ఏ అంగడిలోనూ దొరకలేదు.

ఈ పిచ్చి మన బళ్లోనే, ఏడో తరగతి హిందీ పీరియడులో పట్టింది.

హిందీ సారుకి ఒక నమ్మకం ఉండేది. పాఠ్యపుస్తకం కాకుండా చేతికందిన ప్రతిదీ చదివితేనే భాష వస్తుందని. సింగరాయకొండ స్టేషన్లో రైలు దిగి వచ్చే బంధువుల్ని అడిగి మరీ పాత హిందీ పత్రికలు తెప్పించి మా ముందు పడేసేవారు. ఒకరోజు ఆ కట్టలో ఇంద్రజాల్ కామిక్స్ అనే బొమ్మల కథల పుస్తకం ఒకటి వచ్చింది. అట్ట మీద పెద్ద అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. వే, తా, ల్.

వేతాల్ అంటే బేతాళుడే కదా! చందమామలో నెలనెలా విక్రమార్కుడి భుజం మీద పడుకుని కథ చెప్పి, రాజు నోరు తెరవగానే మళ్లీ చెట్టెక్కేవాడు. సంస్కృతంలో బేతాళుడు చెప్పింది పాతిక కథలే. చందమామ బేతాళుడికి ఆ లెక్క లేదు, దశాబ్దాలపాటు చెబుతూనే ఉన్నాడు. హిందీవాళ్లు కూడా మనవాణ్ని తీసుకున్నారని సంబరపడి లోపల తెరిచాను. చెట్టు లేదు. శవం లేదు. ఒంటికి అతుక్కుపోయిన బట్టలు, కళ్లకి ముసుగు, నడుముకి రెండు పిస్తోళ్లు, ప్యాంటు పైన చారల చెడ్డీ.

"సార్, ఈయన బేతాళుడైతే విక్రమార్కుడు యాడ సార్?" అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు పుస్తకం తిరగేసి, మరగేసి, "నాకూ తెలీదురా" అన్నారు. మాస్టారి నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

ఆయన ఫాంటమ్. లీ ఫాక్ అనే అమెరికన్ 1936 ఫిబ్రవరిలో దినపత్రికల కోసం పుట్టించిన మనిషి. నడిచే దెయ్యమని ఆయనకి పేరు. దెయ్యమన్నారు కాబట్టి హిందీలో వేతాల్ అయ్యాడు. ఇంద్రజాల్ కామిక్స్ 1964 మార్చిలో మొదలైంది ఆయనతోనే, 1990 దాకా నడిచింది. మూలంలో ఆయనుండే దేశం బెంగల్లా. ఇంద్రజాల్ చేతిలో పడ్డాక డెంకాలి అయింది. పేరు మారితే ఏమైందిలెండి, మన కందుకూరుని చూడండి. మా తాత పుట్టింది నెల్లూరు జిల్లాలో. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులో కలిశాం, 1971లో నేను పుట్టింది ఆ జిల్లాలో. మరుసటేడు దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు, నా పదో తరగతి ఆ జిల్లాలో. 2022లో తీసుకెళ్లి మళ్లీ నెల్లూరులో కలిపారు. ఇంతా చేసి మేం వీధి కూడా మారలేదు.

అసలు బేతాళుడెవరో తేలక, రెండు పుస్తకాలూ పట్టుకుని డ్రాయింగు మాస్టారి దగ్గరికి పోయాం. చందమామలో ఆ బొమ్మ వేసేది శంకర్ గారు. పూర్తి పేరు కె.సి. శివశంకరన్, తొంభై ఏళ్లు దాటి బతికి 2020లో పోయారు. మాస్టారు ఫాంటమ్‌ని ఒక్క చూపు చూసి పక్కన పెట్టారు. శంకర్ బొమ్మ మీద వేలు పెట్టి, "రాజు మొహం కాదురా, కాళ్లు చూడండి" అన్నారు. మాకేమీ కనపడలేదు. అప్పుడాయన క్లాసులో అందరికంటే దిట్టమైనవాణ్ని, రైసు మిల్లు వాళ్లబ్బాయిని లేపారు. అందరికంటే బక్కవాణ్ని నన్ను వాడి భుజాన వేశారు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడవమన్నారు.

నేను తలకిందులుగా వేలాడుతూ వాడి మడమలు చూశాను. బరువున్న పక్క కాలు కర్రలా నిటారుగా దిగుతోంది. రెండో కాలు ఊరికే తోడొస్తోంది. నడుము ఒక పక్కకి జరిగి, ఒళ్లు రెండో పక్కకి ఒరిగింది. "చూశారా, బరువుని భుజం మోయదు, నడుము మోస్తది. అది తెలిసినవాడు గీసిన బొమ్మరా ఇది" అన్నారు మాస్టారు. ఇంతలో హెడ్మాస్టారు అటు రావడం, విక్రమార్కుడు నన్ను దభాలున కింద పడేయడం జరిగాయి. మోచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది.

ఇక నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. తొమ్మిదో తరగతిలో డాక్టరు గారబ్బాయికి అమెరికా నుంచి వాళ్ల మేనమామ జి.ఐ. జో బొమ్మ తెచ్చాడు. ఆ సిపాయి 1982కల్లా నాలుగంగుళాలు కూడా లేకుండా చిక్కిపోయాడు. జేబులో పట్టేవాడు. సోషల్ పీరియడులో నాకొకసారి ఇచ్చాడు. బెంచీ కింద పెట్టుకుని నడుము తిప్పాను. టప్పుమంది. పై సగం నా చేతిలో, కింది సగం నేల మీద.

అంత టెన్షన్ నేను పబ్లిక్ పరీక్షల్లో కూడా పడలేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే గేటు పక్క సైకిల్ షాపుకి పరిగెత్తాను. షాపాయన చిన్న స్క్రూ డ్రైవరుతో వీపు స్క్రూ విప్పాడు. లోపల సంగతి చూసి ఇద్దరం నోరు తెరిచాం. కాళ్లకి ఒక ఇనప కొక్కెం, దాన్ని ఛాతీకి లాగి పట్టుకునే నల్ల రబ్బరు రింగు ఒకటి. మనిషి మొత్తం నిలబడేది ఆ రింగు మీదే. అది తెగింది. ఆయన పాత ట్యూబులోంచి సన్నటి పేలిక కోసి, ముడేసి, తగిలించి, మళ్లీ బిగించాడు. డబ్బులడగలేదు. సాయంత్రం బొమ్మ తిరిగిచ్చేస్తే డాక్టరు గారబ్బాయి నడుము తిప్పి చూసి, "ఇయ్యాల బాగా టైటుగా ఉందే" అన్నాడు. ఒరే, నువ్విది చదువుతుంటే, కారణం అదీ.

కీళ్లున్న బొమ్మల్ని నేనంతకు ముందే చూశాను. పొగాకు వేలం డబ్బులు చేతికొచ్చే రోజుల్లో తోలుబొమ్మలవాళ్లు ఊళ్లోకొచ్చేవాళ్లు. వాళ్ల రావణుడికి భుజం దగ్గర, మోచేతి దగ్గర తోలు ముక్కల్ని తాడు ముడితో కలిపేవారు. కేతిగాడు, జుట్టుపోలిగాడు గెంతుతుంటే ఆ ముళ్లు టపటపలాడేవి. బంగారక్క చెయ్యి తిప్పడం చూసి పెద్దవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. ఇప్పుడొచ్చే ఆరంగుళాల బొమ్మకి ముప్ఫై చోట్ల జాయింట్లున్నాయని పెట్టె మీద గొప్పగా వేస్తారు. ఆ వయ్యారం నాకు వాటిలో ఇంకా కనపడలేదు.

ఉద్యోగమొచ్చి చేతిలో నాలుగు డబ్బులాడాక ఫాంటమ్‌ని సంపాదించాను. అమెరికాలో 1980ల్లోనే గలూబ్ అనే కంపెనీ ఆయన్నీ, తోటి కామిక్కు వీరులైన మాండ్రేక్‌నీ, లోథార్‌నీ, ఫ్లాష్ గోర్డన్‌నీ బొమ్మలుగా వేసింది. ఈమధ్య నెకా అనే కంపెనీ ఇంకా బాగా చేసింది. నా దగ్గరున్నది అదే. అంటే హిందీ బేతాళుడు వచ్చేశాడు. తెలుగు బేతాళుడి చోటు ఖాళీగా ఉంది.

ఆ ఒక్కడే కాదు, నా చిట్టా పెద్దది. ఆబిద్ సూర్తీ 1976లో ఇంద్రజాల్ కోసం పుట్టించిన బహదూర్ కావాలి. పైన కాషాయం కుర్తా, కింద జీన్సు. బందిపోటు కొడుకు, పోలీసు చేతిలో పెరిగి బందిపోట్ల మీదికే పోతాడు. ఆ కుర్తా గుడ్డతో కుట్టాలి, ప్లాస్టిక్కుతో పోస్తే నేనొప్పుకోను. టింకిల్ పత్రికలో వేటగాడు శికారీ శంభుని చెయ్యడం తేలిక, టోపీ కళ్ల మీదికి దిగి ఉంటుంది కాబట్టి కళ్లు దిద్దే పనే లేదు. బుజ్జాయి గారు గీసిన డుంబు కూడా కావాలి. ప్రాణ్ గారు గీసిన చాచా చౌదరికి ఎర్ర తలపాగా, చేతికర్ర, వెనక రాకెట్ అనే కుక్క ఉంటే సరి. చిక్కంతా చౌదరికి తోడుండే సాబూతో. ఆయన జూపిటర్ నుంచి వచ్చినవాడు, పదిహేనడుగుల మనిషంటారు. నా బీరువాలో లెక్క అడుగుకి అంగుళం, ఆరడుగుల మనిషి ఆరంగుళాలు. ఆ లెక్కన సాబూ పదిహేనంగుళాలు. నా అరల ఎత్తు పన్నెండు. సాబూ వస్తే ఒక అర తీసేయాలి, ఆ మాట మా ఆవిడతో ఎవరనాలి?

ఒకసారి మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగకి వెళ్లాం. స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు ఇచ్చే రొట్టె కోరికున్నవాళ్లు తీసుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె అని అరుస్తున్నారు. మా ఆవిడ ఆరోగ్యం రొట్టె తీసుకుంది. బొమ్మల రొట్టె ఎవరన్నా ఇస్తున్నారేమోనని నేను మోకాలి లోతు నీళ్లలో చాలాసేపు చూశాను.

ఎవరూ చెయ్యకపోతే మనమే చేద్దామనుకున్నది పోయినేడాది. మన రైసు మిల్లు విక్రమార్కుడి కొడుకు హైదరాబాద్‌లో త్రీడీ ప్రింటింగ్ పని చేస్తాడు. "అంకుల్, పదిరోజుల పని" అన్నాడు. ఎనిమిది నెలలు పట్టింది. మొదటి విక్రమార్కుడు కత్తి దూసి చక్కగా నిలబడ్డాడు, భుజాన బేతాళుణ్ని వెయ్యగానే బోర్లా పడ్డాడు. పాదాలు పెద్దవి చేశాడు, వెల్లకిలా పడ్డాడు. చీలమండ బిగించాడు, పక్కకి పడ్డాడు. కింద స్టాండు పెడదామన్నాడు. స్టాండు మీద నిలబడే విక్రమార్కుడు నాకొద్దన్నాను. అప్పుడు నాకు వరండా గుర్తొచ్చింది. వాళ్ల నాన్నకి ఫోన్ చేసి, ఒక బియ్యం మూట భుజానేసుకుని నడవమని, వీడియో తీసి కొడుక్కి పంపమన్నాను. తిట్టాడు, కానీ పంపాడు. నడుము దగ్గర పక్కకి ఒరిగే జాయింటు ఒకటి అదనంగా పెట్టి, ఒక కాలు తిన్నగా దించేసరికి రాజు నిలబడ్డాడు.

బేతాళుడితో ఇంకో తంటా. శవం కదా, వేలాడాలి. గట్టి రెజిన్‌తో చేస్తే చెక్కపలకలా ఉన్నాడు. లోపల తీగ పెడితే వంచిన చోట వంగి, కాసేపటికి లేచి కూర్చున్నాడు. చివరికి నడుము దగ్గర రెండు ముక్కలు కోసి, లోపల కొక్కెం పెట్టి, రబ్బరుతో కలిపాం. దానికోసం ఊరొచ్చి మన గేటు పక్కకి వెళ్లాను. సైకిల్ షాపు ఇప్పుడు సెల్ ఫోన్ల షాపయింది. వెనక వీధిలో పంక్చర్లు వేసే కుర్రాడు ట్యూబు ముక్క ఇచ్చి పది రూపాయలు తీసుకున్నాడు.

ఈ ఆదివారం సమ్మేళనానికి ఇద్దరు బేతాళుల్నీ తెస్తున్నాను. హిందీ సారు వస్తానన్నారు, ముందు ఆయనకి చూపించాలి. మీరందరూ చేతిలోకి తీసుకుని చూడొచ్చు. చెట్టెక్కేవాణ్ని మాత్రం నడుం పట్టుకుని తిప్పొద్దు. డాక్టరు గారబ్బాయికి ముఖ్యంగా చెబుతున్నాను.