బీరువాలో దాచే బొంత నాకొద్దు

పుట్టబోయే బిడ్డకి బొంత కుట్టిపెట్టమని ఎవరైనా వస్తే నేను రంగుల గురించి అడగను. బిడ్డని ఎక్కడ పడుకోబెడతారు, ఉచ్చగుడ్డలు ఎవరు ఉతుకుతారు, ఎక్కడ ఆరేస్తారు? ఈ మూడే అడుగుతాను. "అదేంటి పిన్నిగారూ, బొంతకీ దండేనికీ ఏం సంబంధం?" అని నవ్వుతారు. ఉన్న సంబంధమంతా దండెంతోనే.

మా రేపల్లె వైపు పెద్దవాళ్ళ బొంతంటే ఎనిమిది, పది పొరల పాత చీరలు పరిచి, దబ్బనంతో కుట్టేది. దాన్ని ఉతికితే ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండాలి. దాన్నే చిన్నది చేసి పసిబిడ్డకిస్తే చూడముచ్చటగానే ఉంటుంది, కానీ వాడు పొద్దున తడిపింది సాయంత్రానికి కూడా ఆరదు. ఇప్పుడు విజయవాడలో నేనుంటున్న అపార్టుమెంటులో బాల్కనీకి ఎండొచ్చేది ఏ పదింటికో, పన్నెండింటికల్లా పోతుంది. వానాకాలమైతే ఫ్యాను కింద ఆరబెట్టుకోవాల్సిందే. బాలింత ఉన్న ఇంట్లో ఒకసారి ఆరని బొంత వాసన కొట్టిందంటే ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. అందుకే దళసరిది ఒకటి ఇవ్వను, పల్చటివి రెండు ఇస్తాను. ఒకటి కింద ఉంటే ఇంకొకటి దండెం మీద ఉంటుంది.

లెక్క చాలా తేలిక. 5.5 మీటర్ల చీరంటే సుమారు 216 అంగుళాలు. 36 అంగుళాల చొప్పున మడిస్తే ఆరు పొరలొస్తాయి. అందులో చీకిపోయిన చోట్లు తీసేస్తే నాలుగో, ఐదో మిగులుతాయి. పసిబిడ్డ బొంతకి నాలుగు చాలు. వెడల్పు ముప్ఫై అంగుళాలకి కోస్తాను, మిగిలిన పీలికలు అంచు పట్టీకి పనికొస్తాయి.

బట్ట ఎంచుకోవడం దగ్గరే నాకు ఎక్కువ సమయం పడుతుంది. ఇంట్లోవాళ్ళు ప్రేమగా సంచినిండా చీరలు తెచ్చి పోస్తారు. అందులో సగం తిప్పి పంపేస్తాను. నైలాన్, జార్జెట్, పాలిస్టర్ కలిసిన కాటన్ పనికిరావు. చెమట పీల్చవు, తడి పీల్చవు, వీపు కింద జారతాయి. పట్టు ఎంత మెత్తగా ఉన్నా వద్దు, రోజూ ఉతికితే ఏం మిగులుతుంది? మంగళగిరి నూలు బాగుంటుంది గానీ జరీ అంచు నిర్దాక్షిణ్యంగా కత్తిరించాలి. ఆ జరీ పెద్దవాళ్ళ మెడకే గీసుకుంటుంది, పసి చర్మం సంగతి చెప్పక్కర్లేదు. అంచు కోస్తుంటే చీర ఇచ్చినావిడ మొహం చూడకూడదు, అంతే. వెంకటగిరి చీర పైపొరకి చాలా బాగుంటుంది కానీ పాతబడితే త్వరగా చిరుగుతుంది. దానికింద గట్టి పొర పెట్టాలి. లోపలి పొరలకి మాత్రం నా ఓటు ఎప్పుడూ తాతగారి పంచెకే. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన తెల్ల పంచెకి సాటొచ్చే బట్ట ఏ దుకాణంలోనూ దొరకదు.

చీరని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తే ఎక్కడ పలచబడిందో తెలిసిపోతుంది. సాధారణంగా కూర్చునే చోటా, కాళ్ళ దగ్గర ఫాల్ కుట్టిన చోటా పోతుంది. కొంగు వైపు బాగుంటుంది. తర్వాత రంగు చూస్తాను. తెల్ల గుడ్డముక్క తడిపి, చీర మీద పెట్టి వేడి ఇస్త్రీపెట్టెతో అదుముతాను. గుడ్డకి రంగంటితే ఆ చీర బొంతలోకి రాదు. ఎరుపు, ముదురు నీలం ఎక్కువగా ఇక్కడే తప్పుతాయి. పెడన అద్దకం చీరలంటే నాకెంతో ఇష్టం, వాటికీ ఈ పరీక్ష తప్పదు. పాసైన వాటిని గంజి పోయేదాకా వేడినీళ్ళలో నానబెట్టి రెండు మూడు సార్లు ఉతికి, మంచి ఎండలో ఆరేసి, అప్పుడు కత్తెర పడతాను. ముడుచుకునేదేదో ముందే ముడుచుకోవాలి, కుట్టాక కాదు.

ఇంకో మాట. చీర ఎవరిదో కూడా అడుగుతాను. కొందరు పోయినవాళ్ళ బట్ట పసిబిడ్డ కింద వేయనివ్వరు, ఎనభై దాటి నిక్షేపంగా తిరుగుతున్న ముత్తవ్వ చీరే కావాలంటారు. ఇంకొందరు సరిగ్గా పోయిన నాయనమ్మ చీరే తెచ్చి చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకుంటారు. నేను ఎవరితోనూ వాదించను. ఎవరి ఇల్లు వాళ్ళది.

కుట్టడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పొరలు నేలమీద పరిచి, ముడతలు తీసి, పెద్ద పెద్ద టాకాలు వేసి, సన్నసూదితో నిలువు వరసలు. కుట్టుకీ కుట్టుకీ మధ్య పావు అంగుళం, వరసకీ వరసకీ అంగుళంన్నర. పెద్దల బొంతల్లో వేసే బారు కుట్లు ఇక్కడ వద్దు. పసివేళ్ళు, కాలి బొటనవేళ్ళు వాటిలో ఇరుక్కుంటాయి. ముడి పొరల మధ్యకి లాగేయాలి, దారం కొస బయటికి కనపడకూడదు. ఊడిన దారం పాప వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు. ఎందుకేడుస్తుందో తెలియక ఇల్లంతా అల్లాడుతుంది. అద్దాలు, పూసలు, గుండీలు, కుచ్చులు ఏమీ పెట్టను. లంబాడీ పనితనం చూస్తే నాకూ మనసు లాగుతుంది, కానీ అది గోడకి వేలాడదీసే బొంతకి. దారం చిక్కుపడకుండా కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే సాఫీగా పోతుంది.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలని ఉన్నారు, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి. ఆ సిద్దీ ఆడవాళ్ళు కుట్టే బొంతలు ఒక ఎగ్జిబిషన్లో చూశాను. వాళ్ళు నాలా ఒక వైపు నుంచి వరసలు వేసుకుంటూ పోరు, అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. చివర నాలుగు మూలలా మడిచిన గుడ్డముక్కలు పువ్వుల్లా పెడతారు. అవి లేకపోతే బొంత పూర్తయినట్టు కాదట. చుట్టూ తిరిగే కుట్టు నాకింకా చేతకాలేదు కానీ మూలల పువ్వులు మాత్రం అరువు తెచ్చుకున్నాను. పళ్ళొచ్చే నెలల్లో పిల్లలు చేతికందిన మూలని నోట్లో పెట్టుకుని నములుతుంటారు. అక్కడ నాలుగు మడతలు అదనంగా ఉంటే నష్టం లేదు. గట్టిగా రెండు వరసలు కుడతాను, అంతే.

ఇక ఇవ్వడం. కుట్టడం కంటే ఇదే కష్టమని నా అభిప్రాయం. పుట్టకముందు బిడ్డ కోసం ఏదీ ఇంట్లోకి రాకూడదనేవాళ్ళే మనలో ఎక్కువ. అందుకని కుట్టినా నా దగ్గరే ఉంచుకుంటాను. బారసాలకి మాత్రం ఇవ్వను. ఆరోజు వెండి గిన్నెలు, ఉగ్గు గిన్నెలు, బేబీ సెట్లు, మెరుపు కాగితాల డబ్బాలు కుప్పపడతాయి. ఆ కుప్పలో పడిన బొంత ఆ డబ్బాలతోపాటే అటకెక్కుతుంది. ఒక తెలిసినావిడ కూతురికి అలా బారసాలలో ఇచ్చిన బొంత, పాప బడికెళ్ళే వయసులో చూస్తే ప్లాస్టిక్ కవరులో మడత నలగకుండా ఉంది. "ఎంత కష్టపడి కుట్టారో ఆంటీ, పాడవుతుందని తీయలేదు" అంది ఆ పిల్ల. మర్యాదగానే అంది పాపం. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

అందుకే ఇప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రెండు మూడు రోజులకి, సందడి తగ్గాక వెళ్తాను. గిఫ్టు కాగితం చుట్టను. అప్పటికే ఓసారి ఉతికి ఆరేసి, కొత్త వాసన పోగొట్టి తీసుకెళ్తాను. కొత్త బట్టకి పెట్టినట్టే మూలల్లో పసుపు పెడతాను. శుభానికి శుభం, మొదటి మరక నేనే వేశాను కాబట్టి ఇక మరకకి భయపడక్కర్లేదు. ఎవరి చేతికీ ఇవ్వను, మంచం మీద రబ్బరు షీటు పైన నేనే పరిచేస్తాను. బిడ్డని పడుకోబెట్టి, తడిపేదాకా కూర్చుని కాఫీ తాగి వస్తాను. ఎక్కువసేపు ఆగక్కర్లేదు లెండి.

ఒక్క జాగ్రత్త మాత్రం బాలింతకి ఖచ్చితంగా చెప్తాను. ఇది కింద వేయడానికే, బిడ్డ మీద కప్పడానికి కాదు. చీర ఉయ్యాల్లో కూడా వేయొద్దు, గుడ్డ దగ్గరపడి మొహం మీదికి వస్తుంది. డాలస్‌లో ఉన్న మా అక్క కూతురు ఫోన్లో, "పిన్నీ, ఏడాది నిండేదాకా తొట్టిలో దుప్పటి, దిండు ఏవీ పెట్టొద్దంది డాక్టరు, నీ బొంత ఏం చేయను?" అని దిగులుపడింది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చెప్పేది అదే. గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి, చుట్టూ మెత్తటివేవీ ఉండకూడదు. సరేనని దానికి నేల మీద పరిచేది కుట్టాను. నలభై రెండు అంగుళాల చతురస్రం. మెలకువగా ఉన్నప్పుడు బిడ్డని బోర్లా వేసి ఆడించడానికి. అక్కడ ఉతికేదీ ఆరబెట్టేదీ మిషనే కాబట్టి వరసలు అంగుళానికొకటి వేసి, అంచు పట్టీ నా తొక్కుడు మిషన్ మీద రెండుసార్లు కుట్టాను. ఆ మనవరాలు దాని మీదే పాకడం నేర్చింది.

ఇచ్చినవన్నీ చిరిగితే నా దగ్గరికే తెమ్మంటాను. ఇప్పుడు ఒకటి వచ్చి ఉంది. నాలుగేళ్ళవాడిది. పైపొర చీకిపోయి లోపలి పంచె కనబడుతోంది, ఒక మూల పువ్వు నమిలి నమిలి ఊడిపోయింది. పైన కొత్త పొర వేస్తానంటే వాళ్ళమ్మ, "వేయండి గానీ రంగు మారితే వాడు పడుకోడండీ" అంది. చిన్న గళ్ళ ఆకుపచ్చ నూలు చీర, బాగా కట్టి వెలిసింది, మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. జరీ ఉన్నా ఫరవాలేదు, కోసేస్తాను.