ఊరివాళ్ల ధర, పైఊరివాళ్ల ధర

తిరుపతి, మంగళవారం రాత్రి.

నెలలో మొదటి మంగళవారం కావడంతో, స్థానికుల కోటాలో దర్శనం చేసుకోవడానికి పక్కింటి దంపతులు తెల్లవారకముందే కొండకు బయలుదేరారు. ఆదివారం నాడు మహతి ఆడిటోరియం దగ్గర వరుసలో నిలబడి, ఈ ఊరి చిరునామా ఉన్న ఆధార్ కార్డు చూపించి టోకెన్లు తెచ్చుకున్న సంతోషం ఆ గేటు తీసిన చప్పుడులోనే వినిపించింది. నాకు మళ్లీ నిద్ర పట్టలేదు. నడకకని బయలుదేరి గోవిందరాజస్వామి గుడి దాకా వెళ్లి, అక్కడ కాఫీ తాగుతుండగా నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం నన్ను దారి అడిగింది. వాళ్లు దిగిన లాడ్జీలో, కొండకు పోవాలంటే టాక్సీ తప్ప వేరే మార్గం లేదన్నట్టుగా చెప్పి, నలుగురికీ కలిపి ఒక ధర కూడా నిర్ణయించేశారట. స్టేషన్ ఎదుట ఆర్టీసీ కొండ బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించి, వాళ్లు ఎక్కేవరకూ అక్కడే నిలబడ్డాను. ఆ పెద్దాయన కిటికీలోంచి చెయ్యి ఊపినప్పుడు, ఇలాగే ఒక పైఊరిలో నేను దారి తెలియక నిలబడిన సాయంత్రం గుర్తుకు వచ్చింది. ఆ జ్ఞాపకం ఈరోజంతా నన్ను వదలలేదు.

వదలకపోవడానికి మరో కారణం కూడా ఉంది. చెన్నైలో ఉద్యోగం చేస్తూ అక్కడే గోల్ఫ్ నేర్చుకున్న మా చెల్లెలి కొడుకు, సెలవుకు చిత్తూరు వచ్చి, పదకొండు గంటల వేళ ఫోన్ చేశాడు. వచ్చే నెలలో ఆఫీసు పని మీద హవాయి దీవుల్లోని హోనోలులు పోతున్నాడు. నాలుగు రోజుల్లో ఒక సాయంత్రం మాత్రం ఖాళీ.

"మామా, హోటలోళ్లు పంపిన జాబితాలో అన్నిటికన్నా చవక మైదానానికే 200 డాలర్ల పైన ఉండాది. ఆడేదానికి కాదు, చూసేదానికే భయమేస్తా ఉండాది" అన్నాడు.

"హోటలోళ్లను అడిగితే అంతే చెప్తారు నైనా. ఆ ఊర్లో బస్సు నడిపేవాళ్లు, బడిలో పాఠాలు చెప్పేవాళ్లు యాడ ఆడతారో అది అడుగు" అన్నాను. నా మాట వాడికి చమత్కారంగా తోచినట్టుంది, నవ్వాడు. కానీ నేను నవ్వులాటకు చెప్పలేదు.

కాలిఫోర్నియాలో ఉన్న మా అమ్మాయి రెండేళ్ల కిందట మమ్మల్ని వారం రోజులు హోనోలులుకు తీసుకువెళ్లింది. వైకీకీ సముద్రతీరంలో ఏ వస్తువు ధర చూసినా మనసులో రూపాయల్లోకి మార్చుకోవడం, మార్చుకున్నాక దాన్ని అక్కడే పెట్టేయడం మా ఇద్దరికీ అలవాటైపోయింది. విశాఖపట్నంలో పనిచేసిన ఆరేళ్లలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో సముద్రపు గాలికి ఎదురుగా బంతి కొట్టడం నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, ఆ దీవిలో ఒక్కసారైనా ఆడాలని నాకు ఆశగా ఉండేది. హోటల్ బల్ల దగ్గర అడిగితే, రిసార్టు మైదానాల రంగురంగుల కాగితాలు నాలుగు చేతిలో పెట్టారు. ఆ ధరలో మైదానంలో తిరగడానికి కార్టు బండి, సాధన బంతులు, చల్లని తువ్వాలు అన్నీ కలిసి ఉంటాయని చెప్పారు. తువ్వాలు నా దగ్గరే ఉంది, కాళ్లు కూడా నావే ఉన్నాయి. ఆ రెండింటినీ తీసేస్తే ధర ఎంత తగ్గుతుందని అడగాలనిపించింది కానీ అడగలేదు.

మార్గం చూపింది మరునాడు పొద్దున గదిలో దుప్పట్లు మార్చడానికి వచ్చిన పెద్దావిడ. కిటికీ దగ్గర నేను ఆ కాగితాలు తిరగేయడం చూసి, తన భర్త ప్రతి వారం అక్కడే ఆడతాడని కిటికీలోంచి కిందికి వేలు చూపించింది. కాలువకు అవతల పచ్చగా పరుచుకున్నదాన్ని అంతవరకూ నేను పార్కు అనుకుంటున్నాను. అది ‘అలా వాయ్’ అనే గోల్ఫ్ మైదానం. 1931లో మొదలైంది, బంతిని పడేయాల్సిన గుంటలు, అంటే హోళ్లు, 18; పార్ 70, అంటే మంచి ఆటగాడికి అన్నీ కలిపి 70 దెబ్బలు పట్టాలి; నడిపేది ఆ నగరపాలన సంస్థే. నగరానికి అలాంటివి మొత్తం ఆరు ఉన్నాయి. కొండల కింద పాలీ ఒకటి, ఉత్తర తీరంలో సముద్రాన్ని ఆనుకుని తొమ్మిది హోళ్ల కహూకూ ఒకటి. కానీ హోటళ్ల నుంచి నడిచి చేరుకోగలిగింది మాత్రం ఈ అలా వాయే. నాలుగు కాగితాల్లో ఒక్కదానిలోనూ దాని పేరు లేకపోవడంలో వింత ఏమీ లేదు. మన లాడ్జీ బల్లల మీద మాత్రం ఆర్టీసీ బస్సుల వేళలు ఎక్కడ కనిపిస్తాయి?

అక్కడ కూడా స్థానికులకు ఒక కార్డు ఉంటుంది, ఆ కార్డు ఉన్నవాళ్లు నాబోటి వాళ్లు కట్టేదానిలో సగం కూడా కట్టరు. మైదానంలో డబ్బు కట్టే కిటికీ దగ్గర నా ముందు నిలబడిన ముసలాయన కార్డు చూపించి, చిన్న నోట్లు రెండు మూడు ఇచ్చి లోపలికి పోతుంటే మొదట నాకు చిన్నతనంగా అనిపించిన మాట నిజం. అంతలోనే ఆధార్ కార్డు, మొదటి మంగళవారం గుర్తుకు వచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. ఇక్కడ ఏ హక్కును నేను న్యాయమనుకుంటున్నానో, అదే హక్కు అక్కడ నాకు ఎదురుగా నిలబడితే అన్యాయమనడం కుదరదు కదా. పైఊరివాళ్ల ధర కట్టినా నాకు 100 డాలర్ల లోపే అయ్యేది. తొమ్మిది హోళ్లు చాలనుకుని సాయంత్రపు వేళ పోయినందువల్ల దానిలోనూ దాదాపు సగంతో సరిపోయింది.

మా మేనల్లుడికి నేను ముఖ్యంగా చెప్పింది ఆడే వేళ సంగతే. కొండ మీద 300 రూపాయల దర్శనం ఉంది, 10,000 రూపాయల విరాళానికి తోడు 500 పెట్టి పోయే శ్రీవాణి దర్శనం ఉంది, పైసా ఖర్చు లేకుండా గంటల తరబడి కూర్చునే సర్వదర్శనం ఉంది. గోల్ఫ్‌లోనూ డబ్బు తక్కువ పెట్టేవాడు కాలాన్ని ఎక్కువ పెట్టాలి. చల్లని ఉదయం వేళలను అందరూ కోరుకుంటారు కాబట్టి వాటికి ధర ఎక్కువ. చీకటి పడేలోగా ఆట పూర్తవుతుందో లేదో తెలియని సాయంత్రాలకు ధర తక్కువ. ముందుగా టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే వేళ, దొరకకపోయినా, ఒంటరిగా వెళ్లినవాడు ఓపిగ్గా కూర్చుంటే, ముగ్గురే వచ్చిన జట్టులో నాలుగోవాడిగా, జట్లను వరుసగా ఆటకు పంపే స్టార్టరు ఎక్కడో ఒకచోట కలుపుతాడు. నేను గంటంబావు కూర్చున్నాను. సామాను గురించి రెండు మాటల్లో తేల్చేశాను: విమానంలో కర్రల సంచీ మోసుకుపోవద్దు, బూట్లు, గ్లవ్ చాలు, కర్రలు అక్కడే అద్దెకు తీసుకో, కార్టు వద్దు. ఆ నేల మన రేణిగుంట రోడ్డంత చదును. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కేవాడికి అది ఒక నడకే కాదు.

నన్ను కలిపిన జట్టులో జపాన్ మూలాలున్న ఒక రిటైరైన బడిపంతులు, ఆయన తమ్ముడు, సిటీ బస్సు నడిపే ఒకావిడ ఉన్నారు. మేనల్లుడికి చెప్పిన మాట అక్కడి నుంచి వచ్చిందే. ఆ సమయానికి మన తిరుపతిలో మరునాటి ఉదయం ఏడున్నర అయి ఉంటుందని చెబితే, అయితే ఈ ఆట ఎవరు గెలిచారో మీవాళ్లను అడిగి చెప్పమని ఆ పంతులు అన్నాడు. నేను గెలవలేదు. మూడో హోలు దగ్గర బంకర్ అనే ఇసుక గుంటలో దిగి నాలుగు దెబ్బలకు గానీ బయటికి రాలేకపోతే, ఇసుకను చూసి కోప్పడవద్దని, మడమలను కాస్త లోపలికి దించి నిలబడమని ఆ బస్సావిడ చెప్పింది. విశాఖలో డబ్బులు పుచ్చుకుని నేర్పినవాళ్లు కూడా అంత తేటగా చెప్పలేదు.

ఆ కాలువ కథ చెప్పింది పంతులే. వైకీకీ అంతా ఒకప్పుడు చిత్తడి నేల అట. చేమదుంప మడులు, బాతుల చెరువులు, వరి పొలాలు ఉండేవట. 1920లలో కాలువ తవ్వి ఆ నీటినంతా సముద్రంలోకి మళ్లించాకనే అక్కడ హోటళ్లు లేవడానికి నేల దొరికింది. వరి పొలాలన్న మాట వినగానే నా చూపు కాళ్ల కింది గడ్డి మీదికి పోయింది. పొలాలు పూడ్చి లాడ్జీలు కట్టడాన్ని చూస్తూ పెరిగినవాణ్ణి నేను, ఆ కథలో వివరాలు తప్ప కొత్తదేమీ లేదు. మనోవా లోయ వైపు నుంచి సన్నని జల్లు వచ్చిపోయింది, వెంటనే ఇంద్రధనుస్సు కనిపించింది. అక్కడివాళ్లు దాన్ని తలెత్తి కూడా చూడలేదు, కొండ మీది మబ్బును మనం చూడనట్టే.

ఏడో హోలు దగ్గర కాలువకు అవతల మా హోటల్ కనిపించింది. అంతస్తులు లెక్కపెట్టుకుంటూ పోతే మా గది బాల్కనీ, దానిలో ఆరేసిన మా ఆవిడ చీర కూడా కనిపించాయి. సముద్రం కనిపించే గదికి ధర ఎక్కువని, మైదానం వైపు గది తీసుకున్నందుకు మా అమ్మాయి వారమంతా నొచ్చుకుంటూనే ఉంది. ఆ రాత్రి నేను ఆ కిటికీ దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

ఇవన్నీ ఫోన్‌లో చెప్పేసరికి అరగంట పైనే పట్టింది. మా ఆవిడ వంటింట్లోంచి, కర్రతో బంతిని దూరం కొట్టి మళ్లీ దాన్నే వెతుక్కునే ఆటకు ఇంత ఉపన్యాసమా, సంగటి చల్లారిపోతోందని కేకేసింది. మధ్యాహ్నం భోజనమయ్యాక అటక మీది సంచీ దించి, మేనల్లుడికి ఫొటో తీసి పంపడానికి ఆనాటి స్కోరు కార్డు వెతికాను. తొమ్మిది హోళ్లకు 56 దెబ్బలు. మూడో హోలు ఎదుట 9 అని వేసి, దాన్ని 8గా దిద్దబోయి మానుకున్న గుర్తు ఉంది, ఎందుకంటే అక్కడ ఇచ్చే పెన్సిలుకు రబ్బరు ఉండదు. ఆ పొట్టి పెన్సిలు కూడా కార్డులోనే దొరికింది. సాయంత్రం పక్కింటివాళ్లు లడ్డూ ప్రసాదం తెచ్చి ఇచ్చి, ఈసారి రెండు గంటల్లోనే దర్శనం అయిపోయిందని మురిసిపోతూ చెప్పారు. నిజామాబాద్ వాళ్లు ఈపాటికి కొండ మీద దర్శనం వరుసలో ఏ కంపార్టుమెంటులో కూర్చుని ఉంటారో.

ఇదంతా ఆ పెన్సిలుతోనే రాశాను. ముల్లు అరిగిపోయింది, రేపు చెక్కాలి.