భజన తాళాల జత: మూడు బిళ్ళలు పగిలాక

నేను చేసిన కంచు తాళాల జత పూర్తై మూడు రోజులైంది. వెడల్పు 8 సెం.మీ., ఒక్కోటి 120 గ్రాముల చిల్లర. కరిగించి పోత పోయడం ఒక్క పూట పని. 400 గ్రాముల రాగిని బొగ్గుపొడి కప్పి మూసలో కరిగించాను, 100 గ్రాముల తగరం చివర్లో వేశాను. ఈ రెండూ కలిస్తేనే కంచు. ఇస్తాంబుల్‌లో తాళాలు చేసేవాళ్ళవీ ఈ 80:20 పాళ్ళే.

పాతసామాన్ల కొట్లో "అసలు కంచు" అంటే నమ్మకండి. నాకు అంటగట్టింది మూసలో వేయగానే తెల్లపొగ లేచింది. అది తుత్తునాగం (జింక్) పొగ, అంటే సరుకు ఇత్తడి. ఆ పొగ పీలిస్తే రాత్రికి జ్వరం ఖాయం. అంచు విరిచి చూడండి: ఇత్తడి వంగుతుంది, కంచు పుటుక్కుమంటుంది. కొట్టువాడు విరవనివ్వలేదా, వెనక్కి వచ్చేయండి.

అసలు ఏడిపించింది సాగగొట్టడం. పోత పోసిన 6 మి.మీ. మందం బిళ్ళను సగానికి దించాలి. మొదటిది సుత్తి పడగానే బెల్లంగడ్డలా చిదిరింది. ఎండలో కొలిమి పెట్టాను, ఎరుపు కంటికి ఆనలేదు, వేడి 800 డిగ్రీలు దాటేసింది. రెండోది రంగు పోయాక కూడా ఇంకో రెండు దెబ్బలన్న కక్కుర్తికి అంచు చీలింది. 600, 750 డిగ్రీల మధ్యే ఇది సుత్తికి లొంగుతుంది. నీడలో పెట్టుకుని, ముదురు ఎరుపు కనబడగానే తీసి ఐదారు దెబ్బలు, మళ్ళీ కొలిమిలోకి.

మూడోది చక్కగా సాగింది. మెత్తబడుతుందని బూడిదలో కప్పి నిదానంగా చల్లార్చాను. మర్నాడు వంపు సరిచేయబోతే రెండు ముక్కలు! అక్కడే ఉన్న కంచరి పెద్దాయన నవ్వాపుకోలేదు. "ఇనుమనుకున్నావా నాయనా? ఎర్రగా ఉండగానే నీళ్ళలో ముంచాలి." ఇరవై ఏళ్ళుగా ఇనుప పని చేస్తున్నవాణ్ణి, నలుగురి ముందు ఆ మాట పడ్డాను. ఉక్కు ముంచితే బిరుసెక్కుతుంది, కంచు మెత్తబడుతుంది. నిదానంగా చల్లారితే 520 డిగ్రీల దగ్గర లోపల పెళుసు పదార్థం పుడుతుంది. ముంచితే దానికి వ్యవధి దొరకదు.

ఇక మోత. అంతటా 3 మి.మీ. ఉన్నప్పుడు సైకిల్ బెల్లులా బిగుసుగా మోగింది. అంచును 2 మి.మీ.కి అరగదీస్తే శ్రుతి దిగి మోత పరుచుకుంది. చుట్టుకొలత తగ్గినా, వంపు పెరిగినా శ్రుతి ఎక్కుతుంది. నడిమి బొడిపె లోతైతే గంట పోలిక వస్తుంది. అరగదీసింది మళ్ళీ అతికించలేం, అందుకే ఆకురాయి నాలుగు రాపిళ్ళు, ఒకసారి వినడం. రెంటినీ అచ్చంగా ఒకే శ్రుతికి తేవద్దు, వెంట్రుకవాసి తేడా ఉంచితే మోతలో అల పుడుతుంది. తాడు దూర్చే బెజ్జం సరిగ్గా మధ్యలో లేకపోతే తాళం వాలి, అంచులు కలవవు. బెజ్జం అంచు నున్నగా రుద్దకపోతే వారంలో తాడు తెగుతుంది.

వాయించేటప్పుడు ముఖానికి ముఖం ఆనిస్తే లోపల గాలి చిక్కి "తప్" మంటుంది. అంచుకు అంచు, కాస్త వాలుగా తగలాలి.